భుజం మీద చెయ్యి

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అంటారు. కడపలో ఎనిమిదేళ్లుగా వెబ్‌సైట్లు చేసి బతుకుతున్నదాన్ని, ఆ మాత్రం లేకపోతే ఎట్లా? ఈరోజు బాగుందన్న కస్టమరు రేపు నేనెప్పుడన్నాను అంటాడు. అందుకే కంప్యూటరు తెరవకముందే ఒక్కో పేజీని ఒక్కో తెల్లకాగితం మీద గీస్తాను. పైన పేరు, కింద ఫోటో, పక్కన నాలుగు మాటలు. అన్నిటి మీదా సంతకం పెట్టించుకున్నాకే పని మొదలు.

బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆయన మాత్రం ఒక్క మాట అడక్కుండా చకచకా సంతకాలు పెట్టేశాడు. అట్లాంటివాళ్లంటేనే నాకు గుబులు. ‘మా గురించి’ పేజీ కోసం ఫ్యాక్టరీ గోడకున్న పాత ఫోటోను ఫ్రేముతో సహా తెచ్చాడు. ఫ్యాక్టరీ మొదలుపెట్టిన రోజు తీసింది. కొత్త మిషను ముందు గళ్ల చొక్కాలో పడుచువాడిగా ఆయన. స్కాన్ చేద్దామని ఫ్రేము ఊడదీశాను కదా, ఎడమ అంచు కత్తెరతో కత్తిరించి ఉంది. పక్కన మనిషి లేడు. అతని చెయ్యి మాత్రం వెనక నుంచి వచ్చి ఈయన భుజం మీద ఉంది.

"ఈ చెయ్యి ఎవురిదన్నా?" అని అడిగాను.

"ఎవురో పనోడిదిలేమ్మా. తీసెయ్."

"పనోడు ఓనరు భుజమ్మీద చెయ్యేస్తాడా?"

"నీకెందుకమ్మా అవన్నీ? చెప్పిన పని చెయ్."

ఒళ్లు మండింది. అయినా తీసేశాను. అరగంట పట్టింది. చొక్కా గళ్లు ఎక్కడా తెగకుండా అతికించి, నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా. కింద ఆయన చెప్పిన మాటే పెట్టాను, ఈ ఫ్యాక్టరీ అంతా ఆయనొక్కడి కష్టమేనని.

సైటు పెట్టిన నెలకు ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. ఫోన్లో ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టి, "ఇది చేసింది నువ్వేనా తల్లీ?" అంది. పోటీ ఫ్యాక్టరీవాళ్లు పంపిన మనిషేమోననుకున్నాను.

"ఎవురు పంపినారు నిన్ను?" అని గదిమాను.

ఎవరూ పంపలేదు. ఆమె ఫ్యాక్టరీ ఆయనకు వదిన. అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ అది. భర్త పోయాక భాగం అడిగితే, అన్నకు దాంతో సంబంధమే లేదంటున్నాడు మరిది. పోయిన ఆదివారం పెద్దమనుషుల ముందు ఈ పేజీ తీసి చూపించాడట.

"అబద్ధమైతే లోకమంతా చూసేదాంట్లో ఎట్ల పెడతారు అన్యాడమ్మా. వాళ్లూ తలకాయలు ఊపినారు. రేపు మళ్లా కూచుంటారు. నా ఇద్దరు బిడ్డలకు ఆ భాగం తప్ప ఇంకేం లేదు."

అంతా విన్నా నాకు నమ్మబుద్ధి కాలేదు. ఏడుస్తూ ఎవరైనా ఏమైనా చెబుతారు. ఫోటో సంగతి ఎత్తకుండా, "మీ ఆయన చేతికి ఏమన్నా గుర్తు ఉండేదాక్కా?" అని అడిగాను.

"ఎడం చెయ్యి చిటికెనేలు సగమే. బండ కింద పడి నలిగిపోయినాది."

స్కాన్ చేసిన ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. తెరిచి పెద్దది చేశాను. భుజం మీద నాలుగు వేళ్లు, చివరిది సగమే. అరగంట సేపు తెరకు కళ్లు ఆనించి ఆ చేతినే తుడిచాను. చొక్కా గళ్లు లెక్కపెట్టుకున్నానే గానీ వేళ్లు చూడలేదు.

ఆమె తెర మీద ఆ వేలిని తాకి, "ఈడ ఉండావా!" అంది. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. చెయ్యి తుడిచేసింది నేనేనని చెప్పి, గబగబా ప్రింటు తీసి చేతిలో పెట్టాను. అసలు ఫోటో మరిది దగ్గరే ఉంది, ఈపాటికి ఏ పొయ్యిలో పెట్టాడో.

"రేపు ఇది చూపించక్కా."

ఆమె ప్రింటు వంక చూసింది, నా వంక చూసింది.

"ఇంత బాగా తీసేసిన దానివి, లేని చెయ్యి పెట్టలేవా అంటారు గదమ్మా?"

"నేనూ వస్తానక్కా. చెయ్యి తీసేసింది నేనేనని, ఆయన తీసెయ్యమంటేనే తీసేశానని అందరి ముందరా చెప్తా," అన్నాను.

ఆమె ప్రింటును మడత పడకుండా సంచిలో పెట్టుకుని లేచింది.

"తొమ్మిదికి కూచుంటారు. రాకపోయినా నేనేం అనుకోనులే తల్లీ," అంది.