అడవికి వెళ్లిన గుర్రం

ఏడేళ్లకే జీను లేకుండా గుర్రాన్ని ఉరికించినవాణ్ణి నేను. మనవరాలితో అదే చెప్పాను. జర్మనీలోని బ్యోబ్లింగెన్ నుంచి మా అమ్మాయి మమ్మల్ని అడవిలో క్యాంపింగుకు తీసుకొచ్చింది. పక్క గుడారం వాళ్లు గుర్రాలతో సహా దిగారు.

"వాటిక్కూడా ఫెరియెన్, తాతయ్యా! సెలవులు!" అంది పిల్ల.

తడి గడ్డి, గుర్రపు చెమట కలిసిన వాసన. నిజం చెప్పాలంటే నేను ఉరికించిందేమీ లేదు. మా నాన్న జట్కా తోలేవాడు. ఆయన ఒళ్లో కూర్చుని పగ్గం కొస పట్టుకునేవాణ్ణి, అంతే. ఊళ్లోకి ఆటోలొచ్చాక, ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి గుర్రం లేదు.

"ముసలిదైపోయింది కదరా, అడవికి పంపించాను. హాయిగా మేస్తుంది," అన్నాడు నాన్న, నావైపు చూడకుండా.

సరేనన్నాను. ఏడుపు రాలేదు. చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను.

"మా గుర్రాన్ని అడవికి పంపించానన్నాడు మా నాన్న. చిన్నవాణ్ణి, నమ్మేశాను," అన్నాను మనవరాలితో. ఇప్పుడూ ఏమీ అనిపించలేదు.

నా భార్య మా మేనమామ కూతురే. అప్పట్లో పక్కింట్లో ఉండేది. ఫ్లాస్కులోంచి టీ వంపుతూ అంది:

"నమ్మడమేంటి? అమ్మేశారని మీకు ఆ పూటే తెలుసు. ఆ తర్వాత మామయ్యని మీరు నాన్నా అని పిలవగా నేనెప్పుడూ వినలేదు."