మూడో స్థానం

ఢిల్లీలోని ద్వారకలో ఎల్సా, ఇషిత ఒకే అపార్ట్‌మెంట్ సొసైటీలో పెరిగారు. ఎల్సా తల్లి సువార్త నరసాపురం నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఇషిత తల్లి మైథిలి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏ తల్లి ఇంట్లో ఉంటే పిల్లలిద్దరూ ఆ ఇంట్లోనే అన్నం తినేవారు. పక్కన ఏదో కట్టడం కోసం పోసిన మట్టిగుట్టల మీద చిన్న సైకిళ్ళతో దూకడం కూడా ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. ఆ ఆటే పెద్దదై, ఇద్దరినీ భారత జట్టు దాకా తీసుకెళ్ళింది.

నోయిడా అవతల కొత్త ట్రాక్ మీద అంతర్జాతీయ బీఎంఎక్స్ సైకిల్ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఎనిమిది మంది ఒక్కసారే ఎత్తు మీది గేటు దిగి, దిబ్బల మీంచి ఎగురుతూ, నిమిషంలోపే ముగించే పందెం. ఫైనల్లో ఇషిత ముందుంది, ఎల్సా ఆమె వెనకే ఉంది. దిబ్బ దిగుతూ చక్రం జారి ఇషిత కింద పడింది. అప్పటికే ఎల్సా గాల్లో ఉంది. ఆమె సైకిల్ నేరుగా ఇషిత నడుము మీద దిగింది. ఎల్సా తూలింది, నిలదొక్కుకుంది, తొక్కుకుంటూ పోయింది. గీత దాటాక బోర్డు చూసింది. మూడో స్థానం. ఆ తర్వాతే వెనక్కి తిరిగింది.

ఇషిత వెన్నెముక విరిగింది. ఇక నడవలేదని డాక్టర్లు చెప్పేశారు. వీడియో చూసిన నిర్వాహకులు ఎల్సా తప్పేమీ లేదని తేల్చారు. మైథిలి కూడా ఆమె తల నిమిరి అదే మాట అంది. ఇషిత మాత్రం చాలా వారాలు ఆమెను గదిలోకి రానివ్వలేదు. రానిచ్చిన రోజు మొహం చూడకుండా మాట్లాడింది.

"నా మీద పడ్డావని కోపం లేదు. గాల్లో ఉన్నావ్, ఏం చేస్తావ్? కానీ నేను నిన్ను పిలిచాను ఎల్సా."

"వినపడలేదు."

"వినపడుంటే ఆగేదానివా?"

ఎల్సా అవుననబోయింది. "పతా నహీ... తెలీదు," అంది చివరికి.

"ఠీక్ హై. ఇంక రాకు."

ఆ పతకం వల్లే ఎల్సాకు తర్వాతి పోటీకి పిలుపొచ్చింది. సువార్త వెళ్ళమనీ అనలేదు, మానమనీ అనలేదు. ప్రార్థన చేసి పంపింది. అక్కడ గేటు పడింది. మిగతా ఏడుగురూ దూసుకుపోయారు. ఎల్సా కాళ్ళు పెడల్స్ మీదే బిగుసుకుపోయాయి. సైకిల్ నడిపించుకుంటూ గేటు వెనక మెట్ల మీదుగా దిగివచ్చేసింది.

ఇప్పుడామె నోయిడాలో ఒక టీవీ ఛానెల్ ఆఫీసులో పనిచేస్తోంది. ఇషిత లా చదువుతోంది. మొన్న సాయంత్రం సొసైటీ లిఫ్టు దగ్గర ఎదురుపడ్డారు. వీల్‌చెయిర్ పట్టేలా ఎల్సా లిఫ్టు లోపల గోడకు ఒదిగి, తలుపు మూసుకోకుండా బటన్ నొక్కి పట్టుకుంది.

"నువ్వెళ్ళు," అంది ఇషిత. "నేను తర్వాత వస్తాను."

ఎల్సా బటన్ మీంచి వేలు తీసింది.