నీళ్లకుండ పక్కన పెట్టిన టిన్ను

పిల్లి కనబడితే చిరుతపులి అని చెప్పే నోరు నాది. ముందే ఒప్పుకుంటున్నాను, మీరు సగం తీసేసి చదవండి. కానీ ఆరేళ్లుగా మోస్తున్న ఈ బరువులో మాత్రం నేనేమీ కలపలేదు.

కర్నూలు దగ్గర మాకు బండల పాలిష్ షెడ్డుంది. పగిలిన కడప బండను ఎపాక్సీ రెజిన్‌తో అతికించడంలో మా ఖాజాను మించినవాడు లేడు. అతను అతికించిన బండ మీద ఏనుగులు కోలాటమాడినా చీలదు.

మా ఎండలు తెలుసుగా, సూర్యుడు మా షెడ్డులోనే కాపురముంటాడు. అందుకే వేసవిలో రెజిన్ టిన్నును నీళ్లకుండ పక్కన తడి ఇసుకలో పెడతాం. ఆ అలవాటుతో డిసెంబరులోనూ అక్కడే పెట్టాను. చలిలో ఉంచొద్దని టిన్ను మీద రాసుంది. చదివి నవ్వాను. కర్నూల్లో చలేమిటి? ఆ వారం పొద్దున్నే కుండ ముట్టుకుంటే వేళ్లు అతుక్కుపోయాయి. రెజిన్ పేరిన నెయ్యిలా పలుకులు కట్టింది. అలా పలుకులున్న రెజిన్ అతుకును గట్టిగా పట్టదు.

వేడినీళ్ల బకెట్లో టిన్నును కాసేపు నిలబెడితే కరిగిపోయేవి. ఒక్క బకెట్! అంతే పని! మర్నాడే పత్తికొండకు బండ పంపాలన్న తొందర నాది. రంగు కలవడానికి ఎప్పుడూ వేసే నల్ల బండపొడిని ఆ రోజు నేనే ముందుగా రెజిన్‌లో కలిపేసి ఖాజాకు ఇచ్చాను. నలుపులో పలుకులు కనబడవు. తెలిసే చేశానా? తెలిసే.

పత్తికొండలో దించుతుండగా బండ అతుకు దగ్గరే రెండుగా విడిపోయింది. బండ కొన్న ఇంటాయన వీధి వీధంతా వినేలా, వెంట వెళ్లిన ఖాజాను తిట్టాడు. ఖాజా షెడ్డుకు తిరిగొచ్చాడు.

“రెజిన్ బాగుండెనా అన్నా?”

“బంగారంలా ఉండె. ఏమప్పా, నా మీదే అనుమానమా?”

“లేదన్నా. నా చెయ్యే తప్పింటాది. గట్టిపడే మందు తక్కువేసింటా.”

ఆ తర్వాత అతను అతుకు పని ముట్టలేదు. పాలిష్ మిషను దగ్గర నిలబడి నీళ్లు పోస్తాడు. ఎవరైనా పగిలిన బండ తెస్తే, “అది నాకు చేతగాదప్పా” అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా చెబుదామని నోరు తెరుస్తాను. ఏం లాభం? జోకే బయటికొస్తుంది. ఊరంతా నవ్వించే నోటికి ఈ ఒక్క మాట ఎందుకు రాదు?

ఇక కోతలేవో చెప్పేస్తాను. ఏనుగుల సంగతి మీకు తెలుసు. వేళ్లు అతుక్కోలేదు. రెజిన్ బాగుండెనా అని ఖాజా అడిగాడని రాశానే, అదీ కల్పనే. అడిగితే బొంకానని చెప్పుకోవడం కాస్త తేలిక, అందుకే రాసుకున్నాను. అతను అడగనే లేదు. వచ్చీ రాగానే, “నా చెయ్యే తప్పింటాదన్నా” అన్నాడు.

నేను తల ఊపాను.

హమ్మయ్య. రాసేశాను.