ఇసుక దారి మీద వీడియో కాల్

మా అమ్మాయి థాయ్‌లాండ్ వెళ్తానన్నప్పుడు నాకు తెలిసింది బ్యాంకాక్ ఒక్కటే. తను ఎంచుకున్నది మాత్రం పడమటి తీరాన ఓ మారుమూల జిల్లా. సలహా ఇచ్చింది మా ఆవిడతో ఫ్యాక్టరీలో పనిచేసే థాయ్ ఆవిడ. అది ఆమె సొంతూరు. రబ్బరు తోటలు, వాటి వెనక నిటారుగా లేచిన సున్నపురాయి కొండలు, మడ అడవుల్లో పడవ షికారు. అన్నిటికన్నా వింత, ఆటు వేళ సముద్రం తప్పుకుంటే బయటపడే ఇసుక దారి. దాని మీద నడిచి ఎదురుగా ఉన్న లంక దాకా వెళ్ళి రావచ్చట.

ఇక్కడ కెనడాలో, కేంబ్రిడ్జ్‌లో మా కొత్త టౌన్‌హౌస్ గృహప్రవేశం నాటికి పిల్ల అక్కడే ఉంది. తెల్లవారుజామునే ముహూర్తం. పాలు పొంగించి టిఫిన్లకి కూర్చునేసరికి వీడియో కాల్ వచ్చింది. అక్కడ సాయంత్రం. ఆ ఇసుక దారి మధ్యలో నిలబడి, కెమెరా తిప్పి రెండు పక్కలా సముద్రం చూపిస్తోంది. నాకు మతి పోయింది. నడిసముద్రంలో మనిషి నడవడమేమిటి?

ఇక మనవాళ్ళ సంగతి తెలిసిందే. ఫోన్ ఒక చేతిలో ఆగితే ఒట్టు. మా అత్తగారు "చిక్కిపోయావేంటమ్మా, అన్నం దొరుకుతోందా?" అని మొదలుపెట్టారు. ఒక ఆంటీ టికెట్ ఎక్కడ బుక్ చేశావని ఆరా తీశారు. మిస్సిసాగా నుంచి వచ్చిన అంకుల్ లంకని మళ్ళీ చూపించమన్నారు.

"ఐ షుడ్ గో, అంకుల్," అంది పిల్ల.

"ఒక్క నిమిషమమ్మా, మీ ఆంటీ కూడా చూస్తుంది," అంటూ ఆయన ఫోన్ పట్టుకుని వంటింట్లోకి నడిచారు. నేను ఇడ్లీలు వడ్డిస్తూ మురిసిపోతున్నాను.

మా ఆవిడ పిలిస్తే వచ్చి వంటింట్లో సాయం చేస్తున్న థాయ్ ఆవిడ తెర వంక చూసి, చేతిలో ప్లేటు కింద పెట్టేసింది.

"దారి సన్నబడింది. పోటు మొదలైంది. పరిగెత్తమనండి," అంది ఇంగ్లీషులో, గొంతు పెంచకుండానే.

వెళ్ళి చూద్దును కదా, పిల్ల పాదాలు నీళ్ళలో ఉన్నాయి. పరిగెత్తమని మా ఆవిడ అరిచింది. తెర మీద ఆకాశం ఊగింది, నీళ్ళు కనిపించాయి, కాల్ పోయింది.

థాయ్ ఆవిడ వెంటనే తన తమ్ముడికి ఫోన్ చేసింది. అతను చేపలు పట్టే మనిషి, పడవ రేవులోనే ఉందట. ఆ తర్వాత మాకు మిగిలింది ఎదురుచూడటమే. ప్లేట్లలో ఇడ్లీలు చల్లారిపోయాయి, ఒక్కరూ ముట్టుకోలేదు. నా ఒక్కగానొక్క బిడ్డ ఏ నీళ్ళలో ఉందో తెలియక గోడకి ఆనుకుని నిలబడ్డాను. అంత భయం జీవితంలో ఎరగను.

చివరికి ఆ తమ్ముడి ఫోన్ నుంచే కాల్ వచ్చింది. పిల్ల పడవలో కూర్చుని ఉంది, నిలువెల్లా తడిసి, ఎవరిదో తువ్వాలు కప్పుకుని. ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటే కోపమూ తన్నుకొచ్చింది.

"నీళ్ళు అలా వచ్చేస్తుంటే నీ కళ్ళు ఏమయ్యాయే?"

ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, వణుకుతూ తెలుగులో చెప్పింది.

"చూశాను డాడీ. అమ్మమ్మ మాట్లాడేటప్పుడే చూశాను. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే కాల్ కట్ చేయకూడదని నువ్వే కదా చెప్పావు."