మా మామ పాట మరిచిపోలేదు

పోయిన నెల్లో ఒక మంగళవారం పొద్దున్న యారాడలో మా మామ పోయాడు. మా అమ్మకు తమ్ముడు. గుండె ఆగిందన్నారు. నాకు కబురు వచ్చేసరికి సీతమ్మధారలో ఒకరింట పురాణం చెబుతున్నాను. పుస్తకానికి గుడ్డ చుట్టి ఆటో ఎక్కాను. దారంతా ఏడుపే. కోపం మాత్రం సాయంత్రం వచ్చింది. దహనమయ్యాక స్నానాలు చేసి అరుగు మీద కూర్చున్నాం. పక్కింట్లో టీవీ మోగుతోంది. మామకు సన్మానం చేసిన ఛానలే. మ్యూజిక్ వీడియోలకు ఏటా అవార్డులిస్తుంది కదా, ఆ వేడుకల్లోని మరపురాని క్షణాలట, వరసగా వేస్తున్నారు. అందులో మా మామ. కింద అక్షరాల్లో సంతాపం, పైన పకపకా నవ్వులు. ఒకే తెరమీద!

అయ్యలారా, అమ్మలారా, ఆ నవ్వు తప్పు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా మామ పెద్దవల దగ్గర పాట ఎత్తేవాడు. తెలియనివారికి చెబుతాను. పడవ మీద వల తీసుకెళ్ళి సముద్రంలో నెలవంకలా వదిలి వస్తారు. దాని రెండు కొసల తాళ్ళనూ ఒడ్డున రెండు జట్లు లాగుతాయి. రెండు జట్లదీ ఒకే ఊపు కావాలి. ఆ ఊపు పాటది. "దూరమెంతరా బావా?" అని మామ ఎత్తితే, "జానెడే, జానెడే!" అంటూ అందరూ లాగాలి. ఒకడు ఎత్తాక ఇంకొకడు ఎత్తకూడదు. ఎత్తిన మాట జవాబు లేకుండా పోకూడదు. అక్కడ అదే శాస్త్రం.

మామ వినయవంతుడేమీ కాదు. తన గొంతు వింటే చేపలు వాటంతటవే వస్తాయని నమ్మేవాడు. పొద్దున్నే తరవాణి తాగి, గొంతు సవరించుకుని, "సముద్రాన్ని లేపి వత్తానే" అనేవాడు అత్తతో.

"లేపు, లేపు. ముందు నీ కొడుకుని లేపు," అనేది అత్త.

నేను కోవెలలో పాలసముద్రం చిలికిన కథ చెబుతుంటే గుమ్మం బయట చుట్ట కాలుస్తూ వినేవాడు. ఒకసారి నడి కథలో అడ్డొచ్చాడు.

"ఒరే అల్లుడా, ఇటోలు ఇటు, అటోలు అటు తాడట్టుకున్నారు, బాగుంది. పాటెవులెత్తినారు?"

"అది పురాణంలో లేదు మామా."

"మరదే! పాట లేకుండా లాగినారు. అందుకే ముందు విసం వొచ్చింది."

జనం గొల్లున నవ్వారు. గురువు లేకుండా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివినవాణ్ణి నేను. ఆ రాత్రి పురాణం మొత్తం తిరగేశాను. జవాబు దొరకలేదు. మరి నాకు మాట చెప్పడం నేర్పింది కూడా ఆయనే. "అంత జోరుగా సెప్పకురా. ఆగు. జనం నోరిప్పకపోతే నువ్వు సెప్పింది నీకే," అనేవాడు. ఈ రోజు నా ఎదుట నలుగురు కూర్చుంటున్నారంటే ఆ ఆగడం వల్లే.

ఆ మధ్య నగరంలో స్టూడియో పెట్టుకున్నవాళ్ళు వచ్చి, ఒడ్డున పాట రికార్డు చేసుకెళ్ళారు. వీడియో వచ్చింది. పట్టు లుంగీలు, నల్లకళ్ళద్దాలు, ఇసుకలో డాన్సు. మామ గొంతు ఉంచారు. జట్టు జవాబు మాత్రం తీసేసి, అక్కడ డప్పులు పెట్టారు. మామ ఫోను చెవికి ఆనించి విన్నాడు.

"బాగానే ఉంది గాని, మనోల్లేరి? నాను అడగతన్నాను, సెప్పీవోడు లేడు."

"అక్కడ బీట్ ఉంది తాతా," అన్నాడు దాన్ని తీసినతను.

ఆ వీడియోకే అవార్డు వచ్చింది. మామ తలకు రంగు వేసుకున్నాడు. స్టేజి మీద ఎలా నడవాలో వరండాలో అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు. అవార్డును వీడియో తీసినతను అందుకున్నాడు, మామకు శాలువా కప్పారు. అత్తా నేనూ హాల్లో కూర్చుని చూస్తున్నాం. తర్వాత చేతికి మైకు ఇచ్చి పాడమన్నారు. అది మోగని మైకు. పాట స్పీకర్లలో వస్తుంది, నోరు కదిపితే చాలన్నారట.

"దూరమెంతరా బావా?" అంది స్పీకర్లో మామ గొంతు. స్టేజి మీద మామ నోరు కదలలేదు. డప్పులు మోగేచోట మాత్రం మడమలు నేలకు తన్ని, వెనక్కి వాలి, మైకును తాడులా రెండు చేతులతో గుంజుతూ నోరు తెరిచాడు. నాకు వినపడలేదు. పెదవులు చూశాను. జానెడే, జానెడే.

"అయ్యయ్యో, తాతగారు తన పాట తనే మర్చిపోయారండీ!" అంది యాంకరమ్మ. హాలు హాలంతా విరగబడి నవ్వింది. మెచ్చుకుంటున్నారనుకున్నాడు మామ. ఇంకా గట్టిగా లాగాడు.

నిండు సభలో అవమానం జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నవారికీ ఆ పాపంలో వాటా ఉందని ధర్మం చెబుతుంది. నవ్వినవారి సంగతి ఇక వేరే చెప్పాలా?

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త అడిగింది, "పాటొచ్చినప్పుడు నోరెందుకు మూసుకున్నావు?"

"ఎత్తేసినారు గదే. మల్లీ నానెత్తితే తప్పు కాదా? జవాబు సెప్పాను. ఇంకెవులూ సెప్పట్లేదు మరి."

తర్వాత ఆ ముక్క ఫోన్లలోకి ఎక్కింది. ఒడ్డు మీద కూడా, "ఏటి మావా, మర్సిపోనావంట?" అని మొదలెట్టారు. గొంతు గురించి గర్వపడే మనిషి, ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "నువ్వు కోవెల్లో సెప్పరా అల్లుడా. నీ మాటింతారు," అన్నాడు. చెప్పాను. గొంతు చించుకుని చెప్పాను. తలలూపారు. మెట్లు దిగుతూ మళ్ళీ అదే చూసుకున్నారు.

మామ పోయాక ఆ ఛానలు ఆఫీసుకూ వెళ్ళాను. అక్కడి కుర్రవాడు మంచినీళ్ళిచ్చి మర్యాదగానే మాట్లాడాడు.

"నెగెటివ్‌గా తీసుకోకండి అంకుల్. అది క్యూట్ మూమెంట్. జనం అడిగి మరీ వేయించుకుంటారు."

"ఆయన మరిచిపోలేదు బాబూ. కావాలంటే వేసుకోండి. ఆ నవ్వు తీసెయ్యండి చాలు."

"నవ్వు తీసేస్తే ఇంకేముంటుందండీ అందులో?"

ఎంతమందితోనో వాదించిన నోరు నాది. ఆ మంచినీళ్ళు తాగేసి లేచి వచ్చేశాను.

మైల తీరాక వల వేశారు. నేనూ వెళ్ళాను. రెండు జట్లూ తాళ్ళు పట్టుకున్నాయి. మామ కొడుకు అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఎవులో ఒకులు ఎత్తండర్రా."

ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఫోను తీస్తారేమోనని భయమో, మామ ఉండగా ఎత్తని అలవాటో. ఎవరి ఊపిరికి వాళ్ళు లాగడం మొదలుపెట్టారు. కొండవైపు జట్టు ముందుకు పోయింది, ఇటువైపు తాడు వదులైంది. వల మూతి వంకరగా ఒడ్డుకు వస్తోంది. అత్త గంప చంకన పెట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. ఆ వంకరలోంచి చేపలు ఒక్కొక్కటే తెల్లగా ఎగిరి, ఆమె పక్కనుంచే సముద్రంలోకి వెళ్ళిపోతున్నాయి.