కాకకు వినిపించాలని క్లీన్ బూస్ట్ నొక్కిన రోజు

పదకొండేళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను. ఒక్కరూ జవాబు చెప్పలేదు. గోదావరిఖనిలో మా కాలనీ ఆర్కెస్ట్రాలో నేను గిటారు వాయిస్తాను. ప్రతి ప్రోగ్రాం అయ్యాక స్టేజి దిగి, "నా గిటారు వినపడ్డదా?" అని అడుగుతాను. జవాబుగా కొందరు "అన్నాలు ఏడ పెట్టిన్రు?" అని నన్నే అడుగుతారు. ఒక పెద్దమనిషయితే, "నువ్వు గూడ స్టేజి మీద ఉన్నవా?" అన్నాడు. ఆయన పేరు, ఆ మాట అన్న రోజు, ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు అన్నీ నాకు గుర్తున్నాయి. పేరు రాయను. ఆయనకు తెలుసు.

అలాంటి నన్ను ఒక రోజు నాలుగు వందల మంది ఒకేసారి విన్నారు. విని, లేచి, హాలు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ ఘోరమే ఇప్పుడు చెప్పబోతున్నాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కాకపోతే సగమే.

మిగతా సగం సదానందంది. మా ప్రోగ్రాములన్నిటికీ మైక్ సెట్ ఆయనదే. గాయకుల గొంతు, కీబోర్డు, ప్యాడ్లు అన్నీ ఆయన మిక్సర్‌లో తలెత్తుకుని ఉంటాయి. నా గిటారు మీట ఒక్కటే అడుగున పడుకుని ఉంటుంది.

"సదానందమన్నా, జర నాది పెంచరాదే."

"పెంచిన తమ్మీ."

"ఏడ పెంచినవ్? నాకే వినపడ్తలేదు."

"నీకు వినపడకున్నా మందికి వినపడ్తది. ఫికర్ చెయ్యకు."

మందిని అడిగితే, "మాకు వినపడకున్నా నీకు వినపడ్తది గదా!" అన్నారు. ఇక ఎవరిని నమ్మాలో మీరే చెప్పండి.

ఆర్కెస్ట్రా పెద్ద ప్రసాదు గారు కీబోర్డు వాయిస్తారు. వాళ్ల కుటుంబం ఎప్పుడో కోస్తా నుంచి గని ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఆయనకు ఫిర్యాదు చేస్తే, "గిటారంటే చారులో ఇంగువండీ. ఉండాలి కానీ, ఉన్నట్టు తెలియకూడదు" అన్నారు. పదకొండేళ్లు ఇంగువగా బతకడం ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు!

అప్పుడు మా రాజమల్లు కాక రిటైర్మెంట్ వచ్చింది. కాక మా నాన్నకు తమ్ముడు. నా మొదటి గిటారు కొనిపెట్టింది ఆయనే. ముప్పై ఏళ్లు ఓపెన్‌కాస్ట్ గనిలో డ్రిల్లు మిషను నడిపాడు. ఆ మోతకు ఆయన చెవులు ముక్కాలు వంతు పోయాయి. నేను ఎప్పుడు వాయించినా తల ఊపి, "మంచిగున్నది బిడ్డా" అనేవాడు. శ్రుతి చేసుకుంటున్నప్పుడూ అదే మాట. ఒకసారి తీగ తెగి నా చెంప మీద కొట్టినప్పుడూ అదే మాట.

రిటైర్మెంటుకు వారం ముందు కాక నన్ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, ఓ మాట చెప్త, తప్పు పట్టకు. నీ గిటారు నేను ఒక్కపారి గూడ సక్కగ ఇనలే. ఊకెనే తల ఊపిన. నా సన్మానం నాడన్న ఇనపడేటట్టు కొట్టరా."

ఆ రాత్రి అన్నం సయించలేదు. మందిలో నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషీ వినకుండానే మెచ్చుకున్నాడు!

అందుకే క్లీన్ బూస్ట్ పెడల్ తెప్పించాను. అరచేతిలో ఇమిడే ఇనుప డబ్బా అది. గిటారుకూ, దాని చప్పుడు పెంచి స్పీకరులో వినిపించే ఆంప్‌కూ మధ్య పెట్టి కాలితో నొక్కాలి. అది గరగరలు కలపదు, గొంతు మార్చదు. గిటారు చెప్పిందే ఆంప్‌కు మరింత బలంగా చెబుతుంది. దాని మీద మూడు నాబులు: ఒకటి బలానికి, ఒకటి బేస్‌కు, ఒకటి ట్రెబుల్‌కు.

ఇంట్లో బలం నాబును పావు వంతు తిప్పి, బేస్ కాస్త తగ్గించి, పెడల్ నొక్కి ఒక్క తీగ మీటాను.

ఏం చెప్పమంటారు! పదకొండేళ్లుగా గోనెసంచి కప్పుకుని ఉన్న గిటారు, సంచి తీసేసి నా ఎదుట నిలబడ్డట్టయింది. మెల్లగా మీటితే రేకుల మీద తొలి చినుకు. గట్టిగా మీటితే అదే స్వరం అంచున సన్నటి గరుకు, దోసె అంచులా. వేలు తీగ మీద జరిగిన చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆ వేలు నాదేనా అని ఒకసారి తిప్పి చూసుకున్నాను.

నా భార్య లత గరిటెతో వంటింట్లోంచి వచ్చింది.

"ఎవరొచ్చిన్రు?"

"ఎవరు రాలే. నేనే."

"నువ్వా? మరి ఇన్నేండ్లు గిట్ల ఎందుకు కొట్టలే?"

చూశారా, అదీ నా తప్పే! అయినా ఆమె గరిటె పట్టుకుని పావుగంట అక్కడే నిలబడింది. కూర మాడింది. మా ఇంట్లో సంగీతం వల్ల కూర మాడటం అదే మొదలు.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. పావు వంతుకే ఇంత ఉంటే, పూర్తిగా తిప్పితే దీనికి నాలుగింతలు ఉంటుంది కదా అని లెక్క వేశాను. గమనించండి, నేను గని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌ని. కరెంటుతో ఇలాంటి లెక్కలు వెయ్యొద్దని కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది నేనే.

సన్మానం రోజు మధ్యాహ్నం మా పాత కమ్యూనిటీ హాలు నిండిపోయింది. ఇక్కడ మా కాలనీ అలవాటు ఒకటి చెప్పాలి. గనిలో బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగుతుంది. అది కింద నుంచి మొదలై మెల్లగా పైకి ఎక్కుతుంది. ఆ కూత వినగానే మా వాళ్లు ఎవరూ పాత కట్టడాల కింద ఉండరు. భూమి అదిరితే పెచ్చులు రాలుతాయి. ఉయ్యాలలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

ముందు వరుసలో కాక దండలతో కూర్చున్నాడు. ప్రసాదు గారు "మీ వంతండీ" అన్నారు. బలం నాబు చివరికంటా తిప్పాను. కాకకు ఇష్టమైన పాట, మా నాయనమ్మ నాట్లప్పుడు పాడిన పాట ఎత్తుకుని, పెడల్ నొక్కి, తొలి స్వరం పట్టాను.

ఊఁ... అంది. తీగ చప్పుడు స్పీకరులోకి వెళ్లింది, స్పీకరు చప్పుడు తిరిగొచ్చి తీగను ఊపింది, ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ ఊళ మెల్లగా పైకి ఎక్కింది. అచ్చం సైరన్!

అందరికంటే ముందు లేచింది ఎవరనుకున్నారు? కాక! దండలతోనే చెయ్యెత్తాడు.

"లెవ్వుండ్రి! బయటికి నడువుండ్రి! ఉరుకకుండ్రి! ముసలోళ్లను, పిల్లలను ముందు పోనియ్యుండ్రి!"

నాలుగు వందల మంది ఒక్క మనిషిలా లేచారు. తోపులాట లేదు, అరుపు లేదు. ఒకరు పక్కింటి పిల్లను ఎత్తుకున్నారు, ఇంకొకరు ఎవరిదో ముసలమ్మ చెయ్యి పట్టుకున్నారు. రెండు వరుసలుగా కదిలారు. ముప్పై ఏళ్లు ప్రమాదం పక్కన బతికిన మనుషుల నడక అది. నేను నోరు తెరుచుకుని చూస్తూ, తీగ మీద చెయ్యి వేసి ఊళ ఆపాలన్న సంగతే మరిచిపోయాను.

"ప్రసాదు గారూ, అది సైరన్ కాదండీ, నేను!"

"ఎవరైతే ఏంటండీ, ముందు బయటికి రండి!" కీబోర్డు చంకన పెట్టుకుని ఆయన అప్పటికే గుమ్మం దగ్గరున్నారు.

తీగలు పట్టుకుని ఊళ ఆపి బయటికి వెళ్లాను. అందరూ మైదానంలో నిలబడి గని వైపు చూస్తున్నారు.

"పొద్దుగాలనే పేల్చిన్రు గదా, మల్ల ఏంది?" అన్నారు ఎవరో.

"అది గని కాదు. నా గిటారు" అన్నాను.

నవ్వు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. నేను సదానందం మీద పడ్డాను.

"అన్నా, నా మీట ఎంతల పెట్టినవ్?"

"ఫుల్లు."

"ఇయ్యాలనే ఎందుకు ఫుల్లు పెట్టినవే?"

"పదకొండేండ్ల సంది మొత్తుకుంటున్నది నువ్వే గదా! కాక ఫంక్షన్ గదా అని ఇయ్యాల నీ మాట విన్న."

చూశారా! నా మాట ఎవరైనా విన్నది ఆ ఒక్క రోజే.

జనం భోజనాలకు వెళ్లారు. కాక నా దగ్గరికొచ్చాడు.

"సైరన్ మంచిగ ఇనపడ్డది బిడ్డా. గిటారు ఎప్పుడు కొడ్తవ్?"

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. ఆంప్ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. సదానందం ఓ మూల వైర్లు చుట్టుకుంటున్నాడు. బలం నాబు పావుకు తెచ్చి, పాట మొత్తం వాయించాను. కాక ఆంప్ మీద అరచెయ్యి ఆనించి, తల ఊపకుండా, కళ్లు మూసుకుని విన్నాడు. ఖాళీ కుర్చీల మధ్య ఒక్కో స్వరం నిలబడి, ఆయన్ను చూసి, మెల్లగా వెళ్లిపోయింది.

పాట అయ్యాక కాక కళ్లు తెరిచాడు.

"రెండు దిక్కుల తప్పినవ్ బిడ్డా."

విన్నాడు! నిజంగా విన్నాడు! పదకొండేళ్లలో నాకు దక్కిన ఒకే ఒక్క మెచ్చుకోలు అది.

కాబట్టి నా పెడల్ మీద కుడికాలు పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో బలం నాబును పావు దాటనివ్వను. సదానందం ఎప్పుడైనా నా మాట వింటానంటే, వినొద్దని కాళ్లు పట్టుకుంటాను.

కానీ ఒక విషయం తేలాలి. తప్పింది ఒక్క చోటే, చరణం మలుపులో. దాన్ని ఒప్పుకుంటున్నాను. రెండోది ఎక్కడ? కాకను అడిగితే "నువ్వే ఎతుక్కో" అంటాడు. ఆ రోజు హాల్లో ఉన్న మూడో మనిషివి నువ్వే, సదానందమన్నా. వైర్లు చుట్టుకుంటూ మొత్తం విన్నావు. ఫికర్ చెయ్యకు అని తప్పించుకోకుండా చెప్పు: ఒకటా, రెండా?