గుప్పిడి బాబాయ్ చెయ్యి

మా సర్వే ఆఫీసులో గుప్పిడి బాబాయ్‌ని ఎరగనివాళ్లు లేరు. నాకు పని నేర్పింది ఆయనే. మేం తిరిగేది పీట్ నేలల్లో. గడ్డీ నాచూ వేల ఏళ్లు నీళ్లలో నాని, నల్లబడి పేరుకున్న నేలలవి. గొట్టం దింపి తీసిన ముద్దను బాబాయ్ గుప్పిట్లో పిండేవాడు. తేట నీళ్లు కారితే ఇంకా పచ్చి నేల. వేళ్ల సందుల్లోంచి బురద జారితే బాగా కుళ్లిన నేల. ముప్పై ఏళ్లు ఆయన చెప్పిందే రిపోర్టు. ఇంకొకర్ని అడగడమన్నది ఆయనకు లేదు.

తర్వాత స్పెక్ట్రోమీటర్ వచ్చింది. చేత్తో పట్టుకునే యంత్రం. మట్టి మీద వెలుగు వేసి, తిరిగొచ్చిన వెలుగును బట్టి నేల ఎంత కుళ్లిందో లెక్క చెబుతుంది. దాన్ని నా చేతికిచ్చారు. అబ్బో, అప్పటి నా మిడిసిపాటు చూడాల్సింది!

ఒక వానరోజు ఏడో గుంట దగ్గర బాబాయ్ ముద్ద పిండి, "బాగా కుళ్లిందిరా" అన్నాడు. యంత్రం పచ్చి నేల అని చూపించింది. "చేతికి వయసొచ్చింది పెద్దాయనా" అని ఆఫీసరు నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గులేని వెధవని.

ఆ సాయంత్రం యంత్రం పెట్టె తుడుస్తుంటే అసలు సంగతి బయటపడింది. ప్రతి గుంట దగ్గరా ముందు యంత్రానికి ఒక తెల్ల బిళ్ల చూపించాలి. తెలుపంటే ఏదో దానికి అలాగే తెలుస్తుంది. ఆ బిళ్ల నిండా నా బొటనవేలి బురదే! మాసిన బిళ్లను తెలుపనుకున్న యంత్రానికి నల్లమట్టి లేత రంగులో, పచ్చి నేలలా కనబడక ఏం చేస్తుంది? బిళ్ల కడిగేసి నోరు మూసుకున్నాను. వారం తిరక్కుండా బాబాయ్‌ని గొట్టాలు కడిగే షెడ్డులో పడేశారు.

ఆరు నెలలు ఆయన ఎదురుపడితే తల దించుకుని తప్పుకున్నాను. ఇక నావల్ల కాక, ఏడో గుంట మట్టి మళ్లీ తీసుకుని షెడ్డుకి వెళ్లాను.

"ఒక్కసారి పిండి చెప్పు బాబాయ్."

పిండాడు. వేళ్ల సందుల్లోంచి చిక్కటి బురద జారింది. దానివంక చూసి, నెమ్మదిగా అడిగాడు.

"మెషీన్ ఏమందిరా?"

ఏడుపొచ్చేసింది. బిళ్ల సంగతంతా చెప్పేశాను. "ఇప్పుడే వెళ్లి ఆఫీసరుకి చెబుతాను బాబాయ్, నన్ను ఏమన్నా చెయ్యనీ" అన్నాను.

బాబాయ్ తిట్టలేదు. కుళాయి కింద చెయ్యి పెట్టాడు.

"ఆఫీసరుకి చెబుదువుగానిలే. ముందు ఇంటికొచ్చి మీ పిన్నికి చెప్పు. నా చెయ్యి పోయిందే అని ఆవిడ ముందు ఏడ్చానురా."